ఎముక బుడిపెలకు ఆపరేషన్: చాలా ఏళ్ల తర్వాత నా అంచనా

మా నాన్నగారి నుంచి నాకు, నా నుంచి మా అమ్మాయికి వచ్చిన ఈ జబ్బును వైద్యులు మల్టిపుల్ ఆస్టియోకాండ్రోమా అంటారు. చాలామందిలో దీనికి ఈఎక్స్‌టీ1 లేదా ఈఎక్స్‌టీ2 జన్యువులోని లోపమే కారణం. ఎదిగే వయసులో ఎముకల చివర్ల దగ్గర, పైన మృదులాస్థి పొర కప్పుకొని బుడిపెలు మొలుస్తాయి. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం 50 శాతం. ఆపరేషన్ ఈ జబ్బును నయం చేయదు. బాధపెడుతున్న బుడిపెను తీసేస్తుంది, వంకర తిరిగిన ఎముకను సరిచేస్తుంది. ఆ మేరకే దాని నుంచి ఆశించాలి.

నాకు మొదట మోకాలి బయటివైపు, ఫిబులా (కాలి పిక్కలో బయటివైపు ఉండే సన్నని ఎముక) పైకొన దగ్గర చేశారు. అక్కడి బుడిపె నరాన్ని నొక్కడంతో పాదం పైభాగం మొద్దుబారి, నడిచేటప్పుడు వేళ్లు నేలకు తగిలేవి. సర్జన్ ముందు నరాన్ని వెతికి పక్కకు తప్పించి, ఆ తర్వాతే బుడిపెను మొదలంటా తీశారు. స్పర్శ నెమ్మదిగా తిరిగి వచ్చింది. ఇన్నేళ్ల తర్వాత కూడా గట్టు మీద తడబడకుండా నడుస్తున్నానంటే ఆ ఆపరేషన్ వల్లే.

ముంజేతి విషయంలో అంత నిండుగా చెప్పలేను. అల్నా (ముంజేతిలో చిటికెన వేలి వైపు ఉండే ఎముక) పొట్టిగా మిగిలి మణికట్టు ఒరిగిపోవడంతో, ఎముకను కోసి బయట రింగులు బిగించి, రోజుకు సుమారు 1 మిల్లీమీటరు చొప్పున సాగదీశారు. సాగదీసిన కాలం కంటే కొత్త ఎముక గట్టిపడేందుకు పట్టిన కాలమే ఎక్కువ. రింగులను ఎముకకు పట్టి ఉంచే పిన్నుల చుట్టూ రసి కారడం, నిద్ర పట్టకపోవడం, ఆ రింగులతోనే ఆమదాలవలసలో రైలెక్కి ఎక్స్‌రేల కోసం విశాఖపట్నం వెళ్లి రావడం నిజంగా కష్టం. మణికట్టు నొప్పి తగ్గింది, చెయ్యి ఆకారం మెరుగుపడింది; కానీ తీర్థం కోసం అరచెయ్యి చాపితే ఇప్పటికీ భుజాన్ని కూడా వంచవలసి వస్తుంది. ఆకారం మారినంతగా కదలిక మారకపోవచ్చని ముందే అడిగి తెలుసుకోండి.

మా అమ్మాయికి మోకాళ్లు లోపలికి వంగాయి. ఎదుగుదల ఇంకా మిగిలి ఉండగానే మోకాలి లోపలివైపు చిన్న ప్లేటు బిగిస్తే, ఆ పక్క పెరుగుదల తాత్కాలికంగా ఆగి, రెండో పక్క పెరుగుతూ కాలు నిటారవుతుంది. మా ఇంట్లో జరిగిన ఆపరేషన్లలో తక్కువ బాధతో ఎక్కువ మేలు చేసింది ఇదే. అయితే ఎముకల ఎదుగుదల పూర్తయ్యాక ఈ పద్ధతి పనిచేయదు కాబట్టి, పిల్లల విషయంలో "పెద్దయ్యాక చూద్దాం" అనవద్దని గట్టిగా కోరుతున్నాను.

నొప్పిలేని బుడిపెలను కేవలం కనిపిస్తున్నాయని తీయించడం నాకు సమ్మతం కాదు. చిన్న వయసులో తీస్తే కొన్ని మళ్లీ మొలుస్తాయి కూడా. కానీ ఎదుగుదల ఆగిన తర్వాత ఏ బుడిపె అయినా పెరిగినా, కొత్తగా నొప్పి పెట్టినా ఆలస్యం చేయకూడదు. కొద్దిమందిలో అది క్యాన్సర్‌గా మారుతుంది, పెద్దవారిలో మృదులాస్థి పొర 2 సెంటీమీటర్లు దాటితే వైద్యులు అనుమానిస్తారు. అందుకే, చేతికి అందని లోతులో ఉన్న నా తుంటి ఎముక బుడిపెను తీయించకపోయినా, వైద్యులు చెప్పినప్పుడల్లా ఎమ్మారై తీయించి పాత ఫిల్ములతో పోల్చి చూపిస్తున్నాను.