ఒంటరి పెద్దల కోసం పాలమూరులో నాలుగు ఐతారాల రొట్టెల విందు

మహబూబ్‌నగర్‌లో ఇద్దరు అక్కచెల్లెళ్లు నడిపే జొన్నరొట్టెల కేంద్రానికి నేను అయిదారేళ్లుగా వెళ్తున్నాను. మొన్నటి చలికాలంలో వారు తమ కేంద్రం ముందరి ఖాళీ జాగాలో, డిసెంబరు మూడో వారం నుంచి సంక్రాంతి ముందు వరకు, నాలుగు ఆదివారాలు విందు ఏర్పాటు చేశారు. మనిషికి 250 రూపాయల టికెట్టు పెట్టి, ఖర్చులు పోగా మిగిలిన సొమ్మును పట్టణం అంచున, చుట్టుపక్కల పల్లెల్లో ఒంటరిగా ఉంటున్న ఇరవై మంది వృద్ధుల భోజనానికి కేటాయించారు. ఆ వృద్ధులను విందుకూ తీసుకువచ్చారు. నేను మొదటి వారమూ, మూడో వారమూ, చివరి వారమూ వెళ్లాను. ప్రచారం వద్దని వారు కోరినందున కేంద్రం పేరు రాయడం లేదు. అయితే ఇటువంటి కార్యక్రమం చేయాలనుకునే వారికి ఇందులో నేర్చుకోవలసినవీ, సరిదిద్దుకోవలసినవీ ఉన్నాయి కనుక ఈ సమీక్ష రాస్తున్నాను.

ముందుగా చలికాలమే ఎందుకన్నది చెప్పాలి. పాలమూరు వలసల సంగతి తెలియని తెలుగువారు ఉండరు. దేశంలో ఎన్నో ఆనకట్టలకూ, కాలువలకూ, రోడ్లకూ మట్టి మోసిన చేతులు ఈ జిల్లావి. వానకాలం పంట చేతికి వచ్చిన తరువాత ముంబయికో, పుణెకో బయలుదేరి, ఉగాదికో తొలకరికో తిరిగి రావడం ఇక్కడ తరతరాల అలవాటు. కోయిల్‌సాగర్, భీమా, కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్లు వచ్చిన ఊళ్లలో వలస కొంత తగ్గిన మాట నిజమే. అయినా నారాయణపేట, మద్దూరు, కోస్గి వైపు ఇప్పటికీ తాళం వేసిన ఇళ్లు కనబడతాయి. తాళం వేయని ఇళ్లలో ముసలివారు ఉంటారు. కొడుకులూ కోడళ్లూ దీపావళి తరువాత వెళ్లిపోతే, సరిగ్గా చలి ముదిరే నెలల్లోనే ఇల్లు బోసిపోతుంది. రాత్రి దగ్గు వస్తే మంచినీళ్లు అందించే మనిషి ఉండదు. అందువల్ల ఈ నాలుగు ఆదివారాలను ఎంచుకోవడంలో అక్కచెల్లెళ్లకు ఉన్న ఆలోచన నాకు ఎంతో నచ్చింది.

ఇక భోజనం గురించి. జొన్నరొట్టె, సజ్జరొట్టె, అనపగింజల కూర, పుంటికూర (గోంగూర) పప్పు, పల్లీల పొడి, పచ్చిపులుసు, మజ్జిగ, చివర ఒక నువ్వుల ఉండ పెట్టారు. ఈ పట్టికలో బయటి నుంచి తెచ్చిపెట్టిన ఆడంబరం ఏదీ లేదు. అనపకాయలు ఈ కాలంలోనే వస్తాయి. లేత గింజలను ఒలిచి, ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ, పచ్చిమిర్చి వేసి పల్చగా వండిన ఆ కూర మొదటి వారం అద్భుతంగా కుదిరింది. మూడో వారం గింజ కాస్త ముదిరింది, ఉప్పు కూడా తక్కువైంది. సజ్జరొట్టె మీద నువ్వులు అద్ది కాల్చిన తీరు మూడు వారాలూ ఒకే విధంగా బాగుంది. పుంటికూర పప్పులో పులుపు పెద్దవారికి కొంచెం ఎక్కువే అనిపించింది.

పళ్లు లేనివారి కోసం వేరుగా, జొన్నరవ్వతో మెత్తగా ఉడికించే గటక వండి, అందులో పలుచని మజ్జిగ కలిపి ఇచ్చారు. ఇది చిన్న విషయంగా కనిపించవచ్చు. వృద్ధుల పేరుతో జరిగిన విందులు నేను కొన్ని చూశాను, వాటిలో చాలాచోట్ల వృద్ధులు నమలగలిగే పదార్థం ఒక్కటీ ఉండదు. ఇక్కడ ఇరవై మందిలో ఎవరికి చక్కెర వ్యాధి ఉన్నదో, ఎవరు కారం తినలేరో ముందే అడిగి, అట్టముక్క మీద రాసి పొయ్యి పక్కన గోడకు అంటించారు.

నేను అన్నింటికన్నా ఎక్కువగా మెచ్చుకున్నది కూర్చోబెట్టిన పద్ధతిని. కొన్నేళ్ల కింద మరొక ఊళ్లో, మరొకరు నిర్వహించిన కార్యక్రమానికి నేను చందా ఇచ్చి వెళ్లాను. అక్కడ వృద్ధులను వేదిక మీద వరుసగా కూర్చోబెట్టి, ఒక్కొక్కరి భుజం మీద రగ్గు కప్పుతూ గంటన్నరసేపు ఫొటోలు తీశారు. వేదిక దిగిన తరువాత వారితో మాట్లాడినవారు లేరు. ఆ రోజు చివరి కుర్చీలో కూర్చున్న ఒక తాత రగ్గును ఒళ్లో పెట్టుకుని, ఫొటో అయిపోయిందా లేదా అని అటూ ఇటూ చూస్తున్న ముఖం నాకు ఇప్పటికీ గుర్తున్నది. ఇచ్చిన చందా గురించి కాదు, ఆ చూపు గురించి నేను చాలా రోజులు బాధపడ్డాను.

ఈ విందులో వేదిక లేదు. పొడవాటి బల్లలు వేసి, టికెట్టు కొన్నవారు ముగ్గురు, మధ్యలో ఒక పెద్దమనిషి, మళ్లీ ముగ్గురు అన్న లెక్కన కూర్చోబెట్టారు. మోకాళ్ల నొప్పులతో నేల మీద కూర్చోలేనివారే ఎక్కువ కనుక అందరికీ కుర్చీలు వేశారు, పెద్దవారి కుర్చీల మీద గొంగళ్లు పరిచారు. గొర్రెలు కాసే కుర్మలు ఉన్నితో నేసిన నల్ల గొంగడి కొత్తలో ఒంటికి గరుకుగా తగులుతుంది. కానీ దాని వెచ్చదనం బజారు రగ్గులకు రాదని ఆ కుర్చీలో కాసేపు కూర్చున్న ఎవరికైనా తెలుస్తుంది.

అంతకు మించి, పెద్దవారిలో చేతనైనవారికి పని అప్పగించారు. ఒకప్పుడు బస్సు కండక్టరుగా పనిచేసిన ఒక తాత ద్వారం దగ్గర బల్ల వేసుకుని టికెట్లు చించి ఇచ్చాడు. చిల్లర లెక్కలో ఆయన వేగాన్ని నా పక్కనున్న కళాశాల విద్యార్థి నోరు తెరుచుకుని చూశాడు. ఇద్దరు అవ్వలు రొట్టెల పొయ్యి దగ్గర కూర్చున్నారు. వారిలో ఒకరు, డెబ్బై ఏళ్లు దాటిన మనిషి, పిండి కలుపుతున్న అమ్మాయి చేతిని పట్టుకుని ఆపి, “నీళ్లు మసలనియ్యి బిడ్డా, తొందరపడితె రొట్టె ఇరుగుతది” అన్నది. నీళ్లు తెర్లిన తరువాత పిండిలో పోయించి, అరచేతి మడమతో సాగదీసి పిసికి, పీట మీద పొడిపిండి చల్లి, కుడిచేత్తో తడుతూ ఎడమచేత్తో తిప్పుతూ రొట్టెను చంద్రునిలా గుండ్రంగా చేసింది. పెనం మీద వేసి, పైన తడిబట్టతో ఒక్కసారి తుడిచి, తిరగేసి, నిప్పుల మీద పెట్టగానే అది బూరెలా పొంగింది. చుట్టూ నిలబడిన పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆమె తలెత్తకుండానే తరువాతి ముద్ద అందుకున్నది.

భోజనాల వేళ ఆ అవ్వ నా బల్లకే వచ్చి కూర్చున్నది. “కొడుకు పూనాల ఉన్నడు. ఉగాదికి వస్తడు. ఫోన్ల రోజు మాట్లాడుతడు గని, ఎదురుగ మనిషి కూసోని తింటుంటె అది వేరె ఉంటది కద బిడ్డా” అన్నది. నేను ఆమెకు సమాధానంగా ఏమీ చెప్పలేకపోయాను. ఆసరా వృద్ధాప్య పింఛను 2019లో నెలకు 2,016 రూపాయలైంది. ఆ డబ్బుతో మందులూ ఉప్పూ పప్పూ వస్తాయి, ఎదురుగా కూర్చుని తినే మనిషి రాదు. తల్లిదండ్రులను పట్టించుకోని సంతానంపై ఆర్డీఓ అధ్యక్షతన ఉండే ట్రిబ్యునల్‌కు ఫిర్యాదు చేసే వీలును 2007 నాటి చట్టం కల్పించింది. అది అవసరమైన చట్టమే. అయితే ఇక్కడికి వచ్చిన ముసలివారిలో ఎక్కువ మంది పిల్లలు వారిని వదిలివేసినవారు కారు. బతుకుతెరువు కోసం వెళ్లి, అక్కడ రేకుల షెడ్డులో పడుకుని, నెలనెలా ఇంటికి డబ్బు పంపుతున్నవారే. వారిని తప్పుపట్టే మాట ఒక్కటి కూడా నేను వెళ్లిన మూడు వారాల్లో నిర్వాహకుల నోట రాకపోవడం నేను ప్రత్యేకంగా గమనించాను.

డబ్బు లెక్కల విషయంలో మెచ్చుకోవలసినదీ ఉన్నది, అసంతృప్తీ ఉన్నది. మొదటి వారం మరుసటి రోజే కేంద్రం గోడ మీది నల్లబల్ల పైన సుద్దముక్కతో వివరాలు రాశారు. 117 టికెట్లకు 29,250 రూపాయలు వచ్చాయి, సరుకులకూ కట్టెలకూ కుర్చీల కిరాయికీ కలిపి 13,400 ఖర్చయింది, 15,850 మిగిలింది. ఇరవై మందికి వారానికి మూడు పూటలు, పూటకు 40 రూపాయల చొప్పున క్యారియర్ పంపితే వారానికి 2,400 అవుతుంది. మిగతా వారాలు కూడా ఇదే విధంగా నడిస్తే దాదాపు ఆరు నెలలకు సరిపోతుందని కూడా అక్కడే రాశారు. చందా ఇచ్చేవారికి ఇంతకన్నా స్పష్టత అక్కరలేదు. కానీ మూడో వారం, నాలుగో వారం లెక్కలు పది రోజులు ఆలస్యంగా గోడకెక్కాయి. పెద్దవారిని తీసుకువచ్చిన ఆటోల కిరాయి ఏ ఖాతాలో పడిందో ఎక్కడా రాయలేదు. అడిగితే, ఆ మొత్తాన్ని తామే పెట్టుకున్నామని అక్క చెప్పింది. ఆమె మాటను నేను నమ్ముతున్నాను. అయినా అది కూడా బల్ల మీద ఉండాలి, ఎందుకంటే వచ్చే ఏడాది ఇదే పనిని మరొక ఊళ్లో ఎవరైనా తలపెడితే అసలు ఖర్చు ఎంతో వారికి తెలియాలి.

పన్ను రాయితీ రసీదు కావాలని ఒకరిద్దరు అడిగారు. కేంద్రం నమోదైన ధార్మిక సంస్థ కాదు కనుక 80జి కింద రసీదు ఇవ్వలేమని నిర్వాహకులు ముందే టికెట్టు వెనుక అచ్చు వేయించారు. ఈ నిజాయితీ బాగుంది. కొత్త పన్ను విధానంలో ఉన్నవారికి ఆ మినహాయింపు ఎలాగూ వర్తించదు.

టికెట్టు వెనుకనే మరొక మంచి పని చేశారు. వృద్ధుల సహాయం కోసం ఉన్న జాతీయ ఉచిత ఫోన్ నంబరు 14567ను పెద్ద అక్షరాలతో వేసి, ఉదయం 8 గంటల నుంచి రాత్రి 8 గంటల వరకు మాట్లాడవచ్చని రాశారు. నాతో వచ్చిన స్నేహితునికి ఆ నంబరు ఉన్నదన్న సంగతే తెలియదు. ఆయన దానిని అక్కడే తన ఫోన్‌లో దాచుకుని, ఊళ్లోని మేనత్తకు చెప్పాడు.

లోపాలలో పెద్దది సమయం. మొదటి మూడు వారాలూ విందును సాయంత్రం ఆరు గంటలకు పెట్టారు. ఉద్యోగులకూ వ్యాపారులకూ అది అనుకూలమే. కానీ పెద్దవారు భోజనం ముగించి ఇంటికి చేరేసరికి తొమ్మిది దాటింది. మూడో వారం ఒక ఆటో ఆలస్యమై నలుగురు వృద్ధులు ముప్పావుగంట మంచులో నిలబడ్డారు. అందులో ఒక తాతకు మరునాడు జలుబు చేసింది. చలి నుంచి కాపాడాలని మొదలుపెట్టిన పనిలో ఇలా జరగడం నన్ను కలవరపెట్టింది. రెండో లోపం పాటల పెట్టె. పెద్ద శబ్దంతో పాటలు పెట్టడం వల్ల వినికిడి తగ్గినవారికి పక్కవారి మాట అందలేదు. మాట కలపడం కోసమే వేసిన బల్లల దగ్గర మాట వినబడకపోతే ఆ కూర్చోబెట్టిన పద్ధతికే అర్థం ఉండదు. చేతులు కడుక్కోవడానికి చన్నీళ్లే ఉంచారు. పొయ్యి మీద ఎప్పుడూ ఒక గంగాళం కాగుతూనే ఉన్నది, అందులోంచి రెండు చెంబులు ఇటు పోస్తే సరిపోయేది.

ఈ మూడింటినీ నేను చెల్లెలికి విడిగా చెప్పాను. ఆమె విసుక్కోలేదు, చీటీ మీద రాసుకున్నది. చివరి ఆదివారం విందును మధ్యాహ్నం పన్నెండున్నరకు మార్చారు, పాటల పెట్టెను తీసివేశారు, ద్వారం పక్కన వేడినీళ్ల బిందె పెట్టారు. టికెట్లు మునుపటికన్నా ఇరవై దాకా తగ్గాయి. కానీ భోజనాలు అయిన తరువాత కూడా మూడున్నర వరకు బల్లల దగ్గర నుంచి లేచినవారు తక్కువ. జలుబు తగ్గి వచ్చిన తాత, గొంగడి కప్పుకుని ఎండలో కూర్చుని, కోయిల్‌సాగర్ కాలువ తవ్విన రోజుల గురించి ఇద్దరు విద్యార్థులకు చెబుతుంటే వారు రాసుకుంటున్నారు. నేను వెళ్లిన రెండు సాయంత్రాలలో నాకు ఇటువంటి దృశ్యం కనబడలేదు.

మిగులు సొమ్ములో కొంత భాగాన్ని వస్తువుల కోసం ఉంచి, అందరికీ ఒకే రగ్గు పంచకుండా, ఏమి కావాలో ఒక్కొక్కరినీ అడిగారు. ఒకరు కళ్లద్దాలు, ఒకరు ఫోనుకు కొత్త బ్యాటరీ, ఒకరు తలుపుకు గడియ, నలుగురు గొంగడి అడిగారు. ఆ గడియను బిగించడానికి వెళ్లిన వడ్రంగి కూలి తీసుకోలేదని తరువాత తెలిసింది.

క్యారియర్లు ఇప్పుడు సోమ, బుధ, శుక్రవారాల్లో వెళ్తున్నాయి. ఇచ్చేవారు గడప దగ్గర పెట్టి రాకుండా, పెద్దవారు తినేంతసేపు కూర్చుని రావాలన్నది నిర్వాహకుల నియమం. బుధవారం దారికి మనుషులు తక్కువగా ఉన్నారంటే నేను పేరు ఇచ్చాను. వచ్చే చలికాలంలో నాలుగు విందులూ మధ్యాహ్నమే పెడతామని చెప్పారు. వెళ్లదలచినవారు పన్నెండింటికే చేరుకోవడం మంచిది, ఒంటిగంట దాటితే సజ్జరొట్టె దొరకదు.