మాంగోడీబీలో బిట్ ఆపరేటర్లు: నాలుగేళ్లు వాడాక

మాంగోడీబీ అనే డేటాబేస్‌లో మేం ఒక్కో యూజర్ వివరాలను ఒక్కో డాక్యుమెంట్‌గా, అంటే రికార్డుగా దాస్తాం. ఆ డాక్యుమెంట్‌లో ట్రూ, ఫాల్స్ ఫీల్డ్‌లు పెరిగి పెరిగి ఇరవై దాటాయి. మెయిల్ వెరిఫై అయిందా, ఫోన్ వెరిఫై అయిందా, నోటిఫికేషన్లు కావాలా, అకౌంట్ బ్లాక్ అయిందా, ఇలా. నాలుగేళ్ల కిందట వాటన్నిటినీ ఫ్లాగ్స్ అనే ఒక్క నంబర్‌లోకి కుదించాం. బైనరీలో దాని ఒక్కో అంకె, అంటే ఒక్కో బిట్, ఒక్కో ఫీల్డ్‌కి: 1 అయితే ట్రూ, 0 అయితే ఫాల్స్. చోటు బాగా మిగులుతుందని నేనే పట్టుబట్టాను. డిస్క్ మీద ఎలాగూ కంప్రెషన్ ఉంటుంది కదా, అనుకున్నంత ఏమీ మిగల్లేదు.

పని ఎలా జరుగుతుందో ఒక యూజర్‌తో చెబుతాను. అతని ఫ్లాగ్స్ విలువ 22. బైనరీలో 10110. కుడి నుంచి సున్నాతో లెక్కపెడితే 1, 2, 4 స్థానాల్లో బిట్లు వెలిగి ఉన్నాయి. అంటే ఫోన్ వెరిఫై అయింది, నోటిఫికేషన్లు ఆన్, ట్రయల్ వాడేశాడు. 0, 3 ఖాళీ, అంటే మెయిల్ వెరిఫై కాలేదు, బ్లాకూ కాలేదు. ఇచ్చిన స్థానాలన్నీ వెలిగి ఉన్నవాళ్లను వెతికే క్వెరీ ఆపరేటర్ బిట్స్‌ఆల్‌సెట్. దానికి 1, 4 ఇస్తే ఇతను దొరుకుతాడు. అన్నీ ఖాళీగా ఉన్నవాళ్లను వెతికే బిట్స్‌ఆల్‌క్లియర్‌కి 0, 3 ఇచ్చినా దొరుకుతాడు. మిగతా రెండు ఆపరేటర్లు ఎనీసెట్, ఎనీక్లియర్, వాటికి ఏ ఒక్క స్థానం కుదిరినా చాలు. ఈ నాలుగూ 3.2 వెర్షన్ నుంచీ, అంటే 2015 డిసెంబర్ నుంచీ ఉన్నాయి.

చదవడానికి ఇంత తేలిక. నేను బోల్తా పడింది బ్రాకెట్ దగ్గర. ఈ ఆపరేటర్లకు స్థానాల జాబితా ఇవ్వొచ్చు, మాస్క్‌గా, అంటే బైనరీలో తనకు ఒకట్లున్న స్థానాలనే చూడమని చెప్పే ఒక నంబరూ ఇవ్వొచ్చు. చదరపు బ్రాకెట్‌లో 3 ఇస్తే మూడో స్థానం. బ్రాకెట్ లేకుండా ఉత్త 3 ఇస్తే మాస్క్, అంటే 0, 1 స్థానాలు. బ్లాక్ అయినవాళ్లకు మెయిల్ పంపే స్క్రిప్ట్‌లో నేను బ్రాకెట్ మర్చిపోయాను. ఎర్రర్ ఏమీ రాలేదు, ఎందుకొస్తుంది? అది కూడా సరైన క్వెరీయే. మెయిల్, ఫోన్ రెండూ వెరిఫై చేసుకున్న బుద్ధిమంతులందరినీ లాగేసింది. పంపేముందు కౌంట్ చూసే అలవాటు ఉండబట్టి సరిపోయింది గానీ, లేకపోతే వాళ్లందరికీ మీ అకౌంట్ బ్లాక్ చేశాం అని వెళ్లిపోయేది. ఆ రోజు నుంచీ మా కోడ్‌లో ఉత్త నంబర్ మాస్క్ కనిపిస్తే రివ్యూలో వెనక్కి పంపేస్తున్నాం. పైగా ఆ మాస్క్ 32 బిట్ల సైన్డ్ (ప్లస్, మైనస్ రెండూ పట్టే) నంబర్‌లో ఇమడాలి, మైనస్ కాకూడదు. జావాస్క్రిప్ట్‌లో 1ని 31 స్థానాలు ఎడమకు జరిపితే వచ్చేది మైనస్సే. స్థానాల జాబితాతో ఆ గొడవ లేదు.

మైనస్ అంటే గుర్తొచ్చింది. ఎవరో ఒకప్పుడు "తెలియదు" అనడానికి ఫ్లాగ్స్‌లో మైనస్ 1 రాసి పెట్టారు. కంప్యూటర్ మైనస్ నంబర్లను రాసుకునే టూస్ కాంప్లిమెంట్ పద్ధతిలో మైనస్ 1 అంటే అన్ని బిట్లూ ఒకట్లే. ఆ పుణ్యాత్ములు ఏ ఆల్‌సెట్ క్వెరీ వేసినా ప్రత్యక్షం. ఫ్లాగ్స్ ఫీల్డే లేని డాక్యుమెంట్ల కథ దీనికి రివర్స్, అవి ఆల్‌క్లియర్‌లోనూ రావు. ఆల్‌సెట్ ముందు నాట్ పెడితే మాత్రం వస్తాయి. రెండు రిపోర్టుల లెక్క ఎందుకు కుదరడం లేదో తేల్చడానికి నాకు ఒక పూట పట్టింది.

అసలు నిరాశ ఇండెక్స్, అంటే వెతుకులాట వేగంగా సాగడానికి వేసుకునే సూచిక. ఫ్లాగ్స్ మీద ఇండెక్స్ ఉన్నా బిట్ షరతు దాన్ని వాడుకోలేదు. ఆ షరతు ఒక్కటే పెట్టి, క్వెరీ ఎలా నడుస్తుందో చెప్పే ఎక్స్‌ప్లెయిన్ చూస్తే కలెక్షన్ మొత్తం, అంటే డాక్యుమెంట్లన్నీ స్కాన్. షరతుకు సరిపోయే డాక్యుమెంట్లకే వేసే పార్షియల్ ఇండెక్స్ ఫిల్టర్‌లో కూడా ఈ ఆపరేటర్లను ఒప్పుకోదు. చివరిసారి లాగిన్ అయిన తేదీ లాంటి వేరే షరతుతో ముందు కొద్దిమందికి తగ్గించుకుంటే మిగిలినవాళ్లలో బిట్లు చూడటం చిటికెలో పని. అలా తగ్గించే దారి లేని ప్రశ్న రోజూ అడగాల్సి వస్తే బిట్ జోలికి వెళ్లకండి. మేం బ్లాక్ ఫ్లాగ్‌ని మళ్లీ మామూలు ట్రూ, ఫాల్స్ ఫీల్డ్‌గా బయటికి తీసి, దాని మీద పార్షియల్ ఇండెక్స్ వేసుకున్నాం. ఇంత తిరిగి మొదలుపెట్టిన చోటికే వచ్చాం అని టీమ్‌లో ఇప్పటికీ ఆటపట్టిస్తారు.

నాకు బాగా నచ్చింది అప్‌డేట్ వైపు ఉన్న బిట్ ఆపరేటర్. డాక్యుమెంట్ చదివి, మార్చి, తిరిగి రాసే పని లేదు. ఆర్‌తో వెలిగించడం, యాండ్‌తో ఆర్పడం, రెండు రిక్వెస్టులు ఒకేసారి వచ్చినా ఒకదాని మార్పు ఇంకోటి చెరపదు. బిట్‌ని తిరగేసే ఎక్సార్‌ని మాత్రం మానేశాం. నెట్‌వర్క్ తడబడి మా కోడ్ అదే అప్‌డేట్‌ని రెండోసారి పంపిందంటే ఆన్ చేసింది కాస్తా ఆఫ్ అయిపోతుంది. ఇంకోటి, ఈ అప్‌డేట్ ఆపరేటర్ పూర్ణాంక టైపుల మీదే పని చేస్తుంది. కమాండ్లు టైప్ చేసే పాత షెల్ నుంచి ఎక్కించిన డేటాలో నంబర్లన్నీ డబుల్‌గా, అంటే దశాంశాల టైపుగా పడ్డాయి. క్వెరీలో అవి మామూలుగానే దొరికాయి, అప్‌డేట్ దగ్గర ఎర్రర్ కొట్టింది. టైప్ మార్చే స్క్రిప్ట్ ఒకటి రాసి నడపాల్సి వచ్చింది.

డేటాను కూడి లెక్కలు తీసే అగ్రిగేషన్‌లో బిట్ల మీద పని చేసే యాండ్, ఆర్, ఎక్సార్, నాట్ 6.3 వెర్షన్ నుంచి వచ్చాయి. రిపోర్టులకు బావున్నాయి.

ఏ స్థానం దేనికో రాసుకున్న ఫైల్ ఒకటే మా దగ్గర ఉంది, కోడ్ అంతా దాన్నే చూస్తుంది. అందులో బిట్ 5 ఎదురుగా "ముట్టుకోవద్దు" అని ఉంటుంది. ఎప్పుడో ఒక ఆఫర్ కోసం వాడాం. ఆఫర్ పోయి మూడేళ్లవుతున్నా పాత డాక్యుమెంట్లలో ఆ బిట్ ఇంకా వెలుగుతూనే ఉంది.