30 ఎంఎం దించిన పాత స్విఫ్ట్: మలుపుల్లో బంగారమే, కానీ మా వైజాగ్ గాలి ఉందే

పాత స్విఫ్ట్ గురించి కొత్తగా చెప్పడానికేం లేదు, ఇంజను, మైలేజీ, స్పేర్లు ఎక్కడ దొరుకుతాయి అనేవి మీకు నాకంటే బాగా తెలుసు. నేను రాసేది ఒక్క లోయరింగ్ స్ప్రింగుల గురించే, అంటే బండి ఎత్తు తగ్గించడానికి కంపెనీవి తీసి వేసే పొట్టి, గట్టి స్ప్రింగులు. వేసిన కొత్తలో తెలిసినవాళ్ళందరికీ ఫోన్లు చేసి మరీ "కళ్ళు మూసుకుని వేయించేసుకోండి" అని చెప్పాను. ఆ మాటలో సగం ఇప్పటికీ అంటాను. మిగతా సగం సంగతి కింద చెప్తా.

బండి నాన్నది, 2008 పెట్రోలు, ఏపీ 31 నంబరు. 2023లో 15 ఏళ్ళు నిండాయి, రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయిస్తే ఇంకో 5 ఏళ్ళు ఇచ్చారు. అమ్మేద్దామంటే వచ్చేది ఏం లేదు, నాన్న కొత్తది కొనుక్కున్నారు, ఇది నా చేతికొచ్చింది. సరే, ఎలాగూ ఉంచుకుంటున్నాం, మనకి నచ్చినట్టు చేసుకుందాం అని మొదలైంది.

వేశాక మొదటిసారి రుషికొండ దాటి భీమిలి వైపు తీసుకెళ్ళాను చూడండి, తొట్లకొండ దగ్గర రోడ్డు సముద్రం పక్కనే మెలికలు తిరుగుతుంది కదా, అక్కడ ఇన్నేళ్ళూ ఈ బండి ఒరిగిన ఒరుగుడికి పక్క సీట్లోవాళ్ళు పైన హ్యాండిల్ పట్టుకునేవాళ్ళు, అలాంటిది స్టీరింగు తిప్పిన వెంటనే ముక్కు అటు తిరిగింది, బాడీ ఒరిగి సర్దుకునేదాకా ఆగే పని లేదు. అనంతగిరి ఘాటులో అయితే ఇంక చెప్పక్కర్లేదు, ఒక హెయిర్‌పిన్ నుంచి ఇంకో దాంట్లోకి పోయేటప్పుడు మధ్యలో ఊగే ఆ ఊగుడు లేనే లేదు. అదే ఇంజను, అదే గేరుబాక్సు, బండి మాత్రం పదేళ్ళు చిన్నదైపోయినట్టుంది. ఈ ఒక్క విషయంలో నా అభిప్రాయం ఇప్పటికీ వెంట్రుకవాసి కూడా మారలేదు.

కాకపోతే ఒకటి. అప్పట్లో "కిందికి దిగింది కాబట్టి ఒరగట్లేదు" అనుకున్నాను, అందరూ అదే అంటారు. తర్వాత చదివి, బండి కింద పడుకుని చూసి అర్థం చేసుకున్నదేంటంటే ఒరుగుడు తగ్గింది దిగడం వల్ల కాదు, స్ప్రింగు గట్టిదవడం వల్ల. ముందు చక్రాలకి కింద ఉండే ఆర్మ్, స్టాక్ (అంటే కంపెనీ నుంచి వచ్చిన) స్ప్రింగుల‌లో చక్రం వైపు కిందికి వాలి ఉంటుంది, బండి దించేకొద్దీ అది అడ్డంగా అయిపోతుంది, మరీ దించితే చక్రం వైపు పైకి లేస్తుంది. అలా అయినప్పుడు రోల్ సెంటర్, అంటే బాడీ ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో అది, బండి దిగినదానికంటే ఎక్కువ కిందికి జారిపోతుంది, అంటే బండిని పక్కకి ఒరగదోసే బలానికి పట్టు ఇంకా దొరికినట్టే. స్ప్రింగు గట్టిది కాబట్టి ఆ తేడా మనకి తెలియట్లేదంతే. అందుకే 30 ఎంఎం బాగుంది కదా 60 ఇంకా బాగుంటుంది అనుకోకండి, చూపుకి బాగుంటుందేమో, మలుపులో కాదు. స్ప్రింగు చుట్లు కోయించి దించేవాళ్ళకైతే అసలు దండం.

పని మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోనే, నేనూ మా బావా. వెనకవి చాలా సులువు, ఈ బండికి వెనక స్ప్రింగు వేరు, షాకబ్జార్బరు వేరు. బండి స్టాండ్ల మీద నిలబెట్టి షాకు కింది బోల్టు విప్పితే వెనక చక్రాలు రెంటినీ కలిపే బీము కిందికి దిగుతుంది, స్ప్రింగు చేత్తో లాగితే వచ్చేస్తుంది. ముందువి అలా కావు, స్ప్రింగూ షాకూ ఒకటిగా ఉండే స్ట్రట్టు మొత్తం దింపి, కంప్రెసర్‌తో స్ప్రింగుని నొక్కిపెట్టి పైన నట్టు తియ్యాలి, అది జారిందంటే మూతి పగులుతుంది, సరదాకి చేసే పని కాదు. కంప్రెసర్ ఆటోనగర్‌లో తెలిసిన మెకానిక్ దగ్గర అడిగి తెచ్చాం. అసలు టైమంతా తినేసింది తుప్పు. స్ట్రట్టుని నకిల్‌కి, అంటే చక్రం బిగించే ఇనప దిమ్మకి, పట్టే రెండు బోల్టులు ఎంత స్ప్రే కొట్టినా కదలవు, పైపు తొడిగి ఇద్దరం వేలాడితే "కిర్ర్" అని మొదలైంది. సముద్రం ఎంత దూరంలో ఉందో ఆ బోల్టుని చూసి చెప్పెయ్యొచ్చు.

మిగతా సోకులు చిన్నవే. 195/60 ఆర్15 టైర్లు, మొత్తం వ్యాసం 14 అంగుళాల స్టాక్ టైరుకి దాదాపు సమానమే కాబట్టి స్పీడోమీటరు గోల లేదు. స్టీరింగుకి తోలు కుట్టుకున్నాను, వేళ్ళు బొబ్బలెక్కాయి కానీ బాగా కుదిరింది. తలుపుల మీద నాన్న అప్పట్లో వేయించిన క్రోము ముక్కలన్నీ పీకేశాను, డాష్‌బోర్డు మీద సింహాద్రి అప్పన్న ఫోటో మాత్రం కదల్చలేదు, అది కదిలిస్తే నన్ను ఇంట్లోంచి కదిలిస్తారు. వెనక డ్రమ్ములకి ఎర్ర రంగు వేసుకునేవాళ్ళ మీద జోకులేస్తారు కదా, వేసుకోండి, నావి ఎర్రగానే ఉన్నాయి. దించాక అలైన్‌మెంట్ తప్పనిసరి, టో, అంటే ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం, మారిపోతుంది, వదిలేస్తే టైరు లోపలి అంచు గుట్టుగా అరిగిపోతుంది, బయట నుంచి చూస్తే కొత్తదానిలా కనిపిస్తుంది. హెడ్‌లైట్లు కూడా ఒకసారి గోడ మీద కొట్టి సరిచూసుకోండి.

ఇంక అసలు కథ. రెండు వానాకాలాలు బాగానే గడిచాయి. అరకు నుంచి తిరిగొస్తున్నాం, ఘాటు మొత్తం దిగేశాం, ఎస్.కోట దగ్గర ఓ స్పీడ్‌బ్రేకర్ మీద, నెమ్మదిగానే, ఎడమ పక్క ముందు నుంచి "ఠంగ్" మని ఇనప కడ్డీ నేల మీద పడేసినట్టు సౌండు. ఏదో రాయి తగిలిందేమో అనుకున్నాను. పక్కన ఆపుదామని స్టీరింగు పూర్తిగా తిప్పితే లోపల "టక్... టక్" మంటోంది. దిగి చూస్తే ఎడమ ముందు చక్రం మీద ఫెండర్ ఇంకో వేలు కిందికి వచ్చి ఉంది. ఫోన్ లైటు వేసి లోపలికి చూశాను, స్ప్రింగు కింద చివర చుట్టు అరముక్క తెగిపోయి, స్ట్రట్టు మీద స్ప్రింగు కూర్చునే గిన్నెలోనే పడి ఉంది. తెగిన కొన టైరు గోడకి ఎంత దగ్గరగా ఉందంటే మధ్యలో నా చిటికెన వేలు పట్టదు. అది ఇంకాస్త జారి ఉంటే టైరు చీరేసేది, అదీ ఘాటులో జరిగి ఉంటే అని ఆలోచిస్తే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

ఎదురుగా పంక్చర్ షాపు. ఆయన వచ్చి వొంగి చూసి, కుడివైపు వెళ్ళి అదీ చూసి, "ఏటి బాబూ, బండి ముందునించీ ఇలగుందా, ఇరిగి ఇలగయిందా?" అన్నాడు. ఏం చెప్పాలో తెలీలేదు. "కొంచెం అదీ, కొంచెం ఇదీ" అన్నాను. రికవరీ బండికి ఫోన్ చేస్తే వచ్చేసరికి చీకటి పడింది, వచ్చాక అసలు ఎక్కితే కదా, ఆ వాలుకి ముందు బంపరు తగులుతోంది, మళ్ళీ ఆ పంక్చర్ షాపాయనే రెండు చెక్కలు తెచ్చి చక్రాల కింద పెట్టాడు. డబ్బులిస్తే టీ డబ్బులు తప్ప తీసుకోలేదు. దించిన బండికి రోడ్డు మీద ఏమైనా అయితే రికవరీ బండి ఎక్కించడం కూడా ఒక ప్రాజెక్టే, దీని గురించి ముందు ఎవరూ చెప్పరు.

నాన్న ఉక్కు ఫ్యాక్టరీ వైర్ రాడ్ మిల్లులో చేసి రిటైరయ్యారు. నాకు క్లాసు పీకుతారనుకుంటే ఆ విరిగిన ముక్క చేతిలోకి తీసుకుని, కళ్ళజోడు సర్దుకుని, కిటికీ దగ్గరికి వెళ్ళి కూర్చున్నారు. "ఒరేయ్ ఇలా రా" అని పిలిచి చూపించారు. తెగిన చోట మొత్తం ఒకే రంగు లేదు. ఒక అంచున అర్ధచంద్రం ఆకారంలో నల్లగా, నున్నగా, తుప్పు పట్టి ఉంది, మిగతాదంతా తెల్లగా పంచదార గింజల్లా మెరుస్తోంది. "ఈ తెల్లదే ఎస్.కోటలో విరిగింది. ఈ నల్లది ఎప్పుడో విరిగింది, నువ్వు తిప్పుతూనే ఉన్నావు" అన్నారు. ఫెటీగ్ అంటే ఇదేనట. పైన పెయింటు లేచిపోయిన చోట తుప్పు చిన్న గుంట పెడుతుంది, గట్టి స్ప్రింగు మీద పడే ఒత్తిడికి ఆ గుంట దగ్గర నుంచి పగులు మొదలై కొంచెం కొంచెంగా లోపలికి పాకుతుంది, మిగిలిన మందం సరిపోనప్పుడు ఒక్క దెబ్బకి ఠంగ్. కింది చుట్టే ఎందుకంటే ఆ గిన్నెలో ఇసుక, ఉప్పు నీళ్ళు చేరతాయి, చక్రం ఆడినప్పుడల్లా ఇసుక ఆ పెయింటుని గరుకు కాగితంలా రుద్దుతుంది. మేం ఉండేది బీచ్‌కి నడిచి వెళ్ళేంత దూరం. 2008 నాటి స్టాక్ స్ప్రింగులు ఇంకా సెల్లార్ అటక మీద ఉన్నాయి, తీసి చూస్తే పైన కాస్త ఎర్రబడ్డాయి తప్ప పూత లేచిన చోటు లేదు. దీని పూత రెండు వానాకాలాలకే పెచ్చులు. నా కోపమంతా అక్కడే, స్ప్రింగు డిజైను మీద కాదు, పూత మీద. ఎర్రగా నిగనిగలాడే రంగు వేస్తారు, డబ్బా మీద బొమ్మకి బాగుంటుంది.

అమ్మినవాళ్ళకి ఫోటోలు పంపితే "తుప్పు వారంటీలోకి రాదు సార్" అన్నారు. పోనీ విరిగినదొక్కటీ ఇవ్వండి అంటే సెట్టుగానే అమ్ముతాం అన్నారు. నిజానికి ఒక్కటి మార్చడం తప్పే, రెండు పక్కలా జతగానే మార్చాలి, కానీ నాలుగూ కొనమంటే ఒళ్ళు మండదా. చాలా ఫోన్ల తర్వాత ముందు జత ఇచ్చారు.

ఈలోగా పాత స్టాక్ స్ప్రింగులు ఎక్కించి తిప్పాను, నాలుగూ. ఇక్కడ నేను అనుకోనిది జరిగింది. సిటీలో హాయిగా ఉంది! ఎన్ఏడీ నుంచి గాజువాక దాకా గతుకుల్లో నడుం ఒక్కసారి కూడా "అబ్బా" అనలేదు. అమ్మ ముందు సీట్లోంచి తనంతట తాను దిగింది, దించిన బండిలో అయితే మోకాళ్ళకి నేను వెళ్ళి చెయ్యి ఇవ్వాల్సి వచ్చేది, నేనేమో అది వయసు వల్ల అనుకుంటున్నాను. సరే ఇలాగే ఉంచేద్దాం అని దాదాపు నిర్ణయానికి వచ్చేశాక ఒక ఆదివారం పొద్దున్నే భీమిలి వెళ్ళాను. తొట్లకొండ మలుపులో బండి అలా ఒరిగేసరికి ఇంటికొచ్చి కొత్త జత బయటికి తీశాను.

ఈసారి వేసేముందు ముందువీ వెనకవీ నాలుగూ ఆటోనగర్‌లో పాత రంగు మొత్తం తీయించి పౌడర్ కోటింగ్ చేయించాను, నాన్న దగ్గరుండి చేయించారు, గ్యాస్ మంట మాత్రం స్ప్రింగు దరిదాపులకి రానివ్వలేదు, అంత వేడి తగిలితే ఉక్కుకి పెట్టిన పదును పోతుందట. కింది చుట్టుకి రబ్బరు తొడుగు వేశాం. బీచ్ రోడ్డుకి వెళ్ళొచ్చిన రోజు పైపు పెట్టి స్ట్రట్టు గిన్నెల్లో మంచినీళ్ళు కొడుతున్నాను, టైరు మార్చినప్పుడల్లా లైటు వేసి కింది చుట్టు చూస్తున్నాను. ఇంతవరకూ పెచ్చు లేవలేదు.

స్పీడ్‌బ్రేకర్ల గురించి అందరూ అడుగుతారు కాబట్టి చెప్తున్నా. ఐఆర్‌సీ (ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్) లెక్క ప్రకారం గుండ్రటి హంప్ 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి, అలాంటిదయితే ఈ బండి తగలకుండా పోతుంది, స్టాక్ గ్రౌండ్ క్లియరెన్సు (నేలకీ బండి అడుగుకీ మధ్య ఎత్తు) 170 ఎంఎంలో 30 పోయినా ఇబ్బంది లేదు. కానీ కాలనీల్లో మిగిలిన సిమెంటుతో రాత్రికి రాత్రి కట్టేవి ఉంటాయి చూడండి, సన్నగా, గోడలాగా, వాటికి ఏ లెక్కా లేదు. ఒక్కడినే ఉంటే ఏటవాలుగా ఎక్కించేస్తా, నలుగురు ఎక్కితే వెనకవాళ్ళు దిగాల్సిందే. లగేజీతో ఫుల్ లోడు అయితే గుంటల్లో బంప్ స్టాపులకి, అంటే స్ప్రింగు పూర్తిగా నొక్కుకున్నప్పుడు ఆపే రబ్బరు ముక్కలకి, కొడుతుంది, ఆ దెబ్బ వెన్నుపూసకే తెలుస్తుంది.

చట్టం సంగతి కూడా చూసుకోండి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఉంది, తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్లకి విరుద్ధంగా బండి మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. ఇన్సూరెన్సు వాళ్ళకి చెప్పకుండా మార్పులు చేస్తే క్లెయిము దగ్గర ఇబ్బంది. నన్ను ఇప్పటిదాకా రోడ్డు మీద ఎవరూ ఆపలేదు, అలాగని మీకూ అలాగే జరుగుతుందని నేను హామీ ఇవ్వలేను. స్టాక్ స్ప్రింగులు మాత్రం పారెయ్యకండి.

మరి వేయించుకోవాలా అంటే, నాకు ఇంట్లో ఇంకో బండి ఉంది, ఇది ఆదివారం బండి, స్ప్రింగు విరిగితే చూసి చెప్పే నాన్న ఉన్నారు, విప్పడానికి సెల్లార్ ఉంది, అసోసియేషన్ ప్రెసిడెంటు అంకుల్ ఇంకా పూర్తిగా విసుగెత్తలేదు. నా మట్టుకు నాకు వర్కవుట్ అయింది. సముద్రానికి దూరంగా ఏ వరంగల్‌లోనో కర్నూలులోనో ఉంటే ఈ తుప్పు బాధ నాకున్నంత ఉండదు. మా బావ తన ఐ20కి కూడా వేద్దామంటున్నాడు. రోజూ పిల్లల్ని స్కూల్లో దింపాలి, అత్తయ్యని నెలనెలా కేజీహెచ్ ఆసుపత్రికి తీసుకెళ్ళాలి, ఉన్నది ఆ ఒక్క బండే. వద్దన్నాను. టైర్లు మంచివి వేయించుకో, అలైన్‌మెంట్ చేయించుకో, కావాలంటే ఆదివారం నాది తీసుకెళ్ళు అన్నాను.