బడిని రికార్డుల్లో చూడాలా, ఊళ్లో అడగాలా?

పాలమూరు, నల్లగొండ పల్లెల్లో సర్కారు బడి అంటే పాఠాలొక్కటే కాదు. ఓట్లప్పుడు పోలింగ్ బూత్ అదే, చాలాచోట్ల అంగన్‌వాడీ ఆ ఆవరణలోనే. మరి అది ఊరికి ఎంత పనికొస్తోందో ఎలా తేల్చాలి?

ఖర్చు: ప్రతి బడి వివరాలతో సర్కారు ఏటా తీసే యూడైస్ లెక్కలకు పైసా అక్కర్లేదు. ఊళ్లో అడగాలంటే సాయంత్రాలు పోతాయి, చాయ్ ఖర్చు అదనం.

దొరికేది: లెక్కల్లో టీచర్లెందరు, మరుగుదొడ్లెన్ని అని ఉంటుంది. పత్తి ఏరే రోజుల్లో ఏ పిల్ల తమ్ముణ్ణి ఎత్తుకుని ఇంట్లో ఆగిపోయిందో, అమ్మానాన్నలు వలసపోతే పిల్లగాడు ఎవరింట్లో తింటున్నాడో బడి బాగోగులు చూసే అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలోని ఆడవాళ్లను అడగాల్సిందే.

రిస్క్: హాజరు పట్టీని దిద్దొచ్చు. ఊళ్లో మీటింగు పెడితే పెద్దమనుషులే మాట్లాడతారు. కూలికి పోయినోళ్లు రావాలంటే పొద్దుగూకాకే పెట్టాలి.

గదులకు నిధులు అడగాలంటే లెక్కలే నయం. నాలుగున్నరకే గేటుకు తాళమెందుకు పడుతోందో తెలియాలంటే మాత్రం ఊళ్లోకే పోవాలి.