అంబికా కాల్నా: హుగ్లీ నౌకాయాత్రలో ఒడ్డున గడపాల్సిన రోజు

కోల్‌కతా నుంచి ముర్షిదాబాద్ వైపు హుగ్లీలో ఎగువకు వెళ్లే చిన్న నౌకలు చాలా ఊళ్ల దగ్గర ఆగుతాయి. తీరికగా గడపడానికి ఒక్క రోజే దొరికితే అది గుళ్ల ఊరైన అంబికా కాల్నాకే (వాడుకలో కాల్నా) ఇవ్వండి. చందన్‌నగర్ స్ట్రాండ్ (నది ఒడ్డు బాట) మీద నడక హాయిగా ఉంటుంది, దానికి ఒక పూట కూడా అక్కర్లేదు. మాయాపూర్‌లో జనం ఎక్కువ. ముర్షిదాబాద్‌లో హజార్‌దువారీ ప్యాలెస్ తప్పక చూడాలి గానీ అందులోని మ్యూజియానికి శుక్రవారం సెలవు, కాబట్టి టికెట్ కొనేముందే నౌక ఏ రోజు అక్కడికి చేరుతుందో చూసుకోవాలి. కాల్నాలో ముఖ్యమైనవి రెండే ఆలయ ఆవరణలు. రోడ్డుకు అటొకటి, ఇటొకటి. అందుకే అక్కడ తొందర ఉండదు.

ముందు ఒడ్డుకు చేరడం సంగతి. నౌక నది మధ్యలో లంగరు వేస్తే నాటు పడవలో రేవుకు తీసుకెళ్తారు. సముద్రపు ఆటుపోట్లు కాల్నా దాటి నవద్వీపం దాకా వస్తాయి. పోటు మీద దిగితే పడవ మెట్ల దాకా వస్తుంది. అయిదారు గంటల తర్వాత తిరిగి వచ్చేసరికి నీరు దిగిపోయి, కింది మెట్లు ఒండ్రుతో జారుతుంటాయి, ఒడ్డు నుంచి పడవకు వేసిన బల్ల బాగా ఏటవాలుగా వాలిపోతుంది. అమావాస్య, పున్నమి రోజుల్లో తేడా ఇంకా ఎక్కువ. పోటు రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది కాబట్టి నిన్నటి లెక్క ఇవాళ పనికిరాదు. దిగేదీ ఎక్కేదీ ఏ సమయంలోనో ముందురోజు రాత్రే సరంగును (నౌక నడిపే అధికారిని) అడగండి. మడమకు పట్టీ ఉన్న రబ్బరు చెప్పులు వేసుకోండి, రెండు చేతులూ ఖాళీగా ఉంచుకోండి.

నౌక సేవలను భోజనాల బల్ల చూసి కాదు, ఈ బల్ల దగ్గర చూసి అంచనా వేయాలి. మంచి సిబ్బంది బల్ల మీద గోనెసంచులు పరుస్తారు. ఇద్దరు చెరో చివర నిలబడి, పట్టుకోవడానికి వెదురు గెడ అడ్డంగా పట్టుకుంటారు. తిరిగి రాగానే కాళ్లు కడుక్కోవడానికి నీళ్లు సిద్ధంగా ఉంచుతారు.

ఉదయం టిఫిన్ కాగానే బయలుదేరి, రేవు నుంచి టోటో (బ్యాటరీ రిక్షా) ఎక్కి నేరుగా రాజ్‌బాడీ (రాజభవనం) ఆవరణకు వెళ్లండి. గుళ్ల శిల్పాలు చాలావరకు కాల్చిన మట్టి పలకలే. గంగ ఒండ్రు నేలలో రాయి దొరకదు, అందుకే ఇటుక, మట్టి. 1849 నాటి ప్రతాపేశ్వర ఆలయం గోడ ముందు కాసేపు ఊరికే నిలబడాలి. పలకల మీద బొమ్మలు పైకి ఉబ్బింది చాలా తక్కువ, కాబట్టి ఏటవాలు ఎండ పక్కనుంచి తగిలితేనే ముఖాలూ వేళ్లూ తేలతాయి. నడినెత్తిన సూర్యుడున్నప్పుడు గోడంతా ఒకే ఎర్రమచ్చలా కనిపిస్తుంది. చేత్తో మాత్రం తడమొద్దు, అంచులు పెళుసుగా ఉంటాయి.

పక్కనే 1739లో కట్టిన లాల్‌జీ ఆలయం. దానికి 25 శిఖరాలు: కింది అంతస్తులో 12, పైన 8, ఆపైన 4, కొసన ఒకటి. ఇలాంటి పాతిక శిఖరాల గుళ్లు బెంగాల్‌లో అయిదే ఉంటే, మూడు ఈ ఊళ్లోనే ఉన్నాయి. గర్భగుడి తలుపులు మధ్యాహ్నం మూస్తారు కాబట్టి దర్శనం కావాలనుకునేవాళ్లు ముందు ఆ పని చూసుకోవాలి.

రోడ్డు దాటితే 108 శివాలయాలు. బర్ధమాన్ రాజా తేజ్‌చంద్ర 1809లో కట్టించాడు. బయటి వలయంలో 74, లోపలి వలయంలో 34. బయట నల్ల లింగం, తెల్ల లింగం ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి, లోపల అన్నీ తెల్లవే. చాలామంది లోపలి వలయం చూసి వెనుదిరుగుతారు. బయటిది కూడా పూర్తిగా చుట్టిరండి, రంగు మారడం నడిస్తేనే తెలుస్తుంది. చెప్పులు విప్పాలి, ఎండెక్కితే నేల కాలుతుంది, సాక్సులు జేబులో పెట్టుకోండి.

చలికాలమైతే నౌకకు తిరిగి వెళ్లే దారిలో ఈత బెల్లంతో చేసిన సందేశ్ అనే మిఠాయి కొనుక్కోండి. ఆ తాజా బెల్లం రుచి వేసవిలో దొరకదు.

మధ్యాహ్నం ఇంకో ఊరు ఇరికించే కార్యక్రమాలున్న నౌకలను ఎంచుకోవద్దు. భోజనం, కునుకు, ఆపైన డెక్కు మీద కుర్చీ ఉంటే చాలు. ఆ కునుకు పట్టాలంటే గదిని జాగ్రత్తగా చూసుకోవాలి: లంగరు వేసి ఉన్నా జనరేటర్ ఆడుతూనే ఉంటుంది, కింది డెక్కులో వెనకవైపు గదులకు దాని అదురు తెలుస్తుంది. పై డెక్కులో ముందువైపు గదికి కాస్త ఎక్కువైనా ఇవ్వొచ్చు. సాయంత్రం ఎండ వాలాక ఓపికుంటే మళ్లీ ప్రతాపేశ్వర ఆలయానికి వెళ్లండి, పొద్దున నీడలో ఉండిపోయిన గోడలు అప్పుడు వెలుగులోకి వస్తాయి.