ఎంఎస్‌డబ్ల్యూ క్లాసుకు అసిస్ట్ శిక్షణ: పనికొచ్చేదెంత?

ఆత్మహత్యల నివారణకు లివింగ్‌వర్క్స్ సంస్థ ఇచ్చే అసిస్ట్ శిక్షణ రెండు రోజులు. కనీసం ఇద్దరు శిక్షకులు కావాలి, విద్యార్థులు రెండు రోజులూ పూర్తిగా కూర్చోవాలి. గంటా రెండు గంటల్లో అయిపోయే క్యూపీఆర్ అనే మరో ఆత్మహత్య నివారణ శిక్షణతో పోలిస్తే ఖర్చూ శ్రమా ఎక్కువే. అయినా సోషల్ వర్క్ పీజీ (ఎంఎస్‌డబ్ల్యూ) విద్యార్థులకు ఇదే మేలు.

కారణం రోల్‌ప్లేలు, అంటే పాత్రలు వేసుకుని మాట్లాడి చూసే సాధన. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడగడం స్లైడ్లు చూస్తే రాదు. కొత్తవాళ్లు "అలాంటి పిచ్చి ఆలోచనలేం లేవు కదా?" అంటారు. 'లేవు' అన్న జవాబును ప్రశ్నలోనే అందించేసినట్టు! అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని జంకు; పరిశోధనలు దాన్ని సమర్థించవు. ఇంకో పొరపాటు, అవుననగానే "పిల్లల మొహం చూడమ్మా" అని ధైర్యం చెప్పేయడం. అక్కడితో అవతలి మనిషి నోరు మూతపడుతుంది. ముందు వినాలి, ఆ తర్వాతే భద్రత ప్రణాళిక.

లోటు ఉంది. మన పల్లెల సంగతులు అధ్యాపకులే కలుపుకోవాలి: ఇంట్లో పురుగుమందు ఉందా, అది ఉంచిన పెట్టె తాళం ఎవరి దగ్గర, ఆ మందును ఇంటి బయటికి తరలించగలరా? ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416 నంబరు, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 115వ సెక్షన్ (ఆత్మహత్యకు యత్నించినవారు తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించి, మామూలుగా శిక్షించకూడదనేది), కేసు రికార్డు రాసే తీరు కూడా విడిగా చెప్పాలి. ఇందుకు మరో పూట పడుతుంది.

క్లాసులో ఇంట్లోవాళ్లను ఆత్మహత్య వల్ల పోగొట్టుకున్నవాళ్లు ఉండొచ్చు. రోల్‌ప్లే నుంచి తప్పుకునే వీలుందని మొదటి గంటలోనే చెప్పండి.