కోరిడోరాస్ చేపల తొట్టిలో ఫిల్టర్ ఇసుక

రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు ఉన్న మా అక్వేరియంలో తొట్టి అడుగున తిరిగే చిన్న మీసాల చేపలు, కోరిడోరాస్, ఆరు ఉన్నాయి. అడుగునున్న ఇసుకను నోటిలోకి తీసుకొని, మేతను ఏరుకొని, మిగిలినదాన్ని మొప్పల గుండా వదిలివేయడం వీటి సహజమైన అలవాటు. ఇంతకాలం నేను వేసి ఉంచిన గులకరాళ్ల మీద వాటికి ఆ వీలు లేకపోయింది. రెండు చేపల మీసాలు పొట్టివి కావడం గమనించిన తరువాత, నీటిశుద్ధి సామగ్రి అమ్మే దుకాణంలో ఫిల్టర్లకు వాడే సిలికా ఇసుక 25 కిలోల బస్తా కొన్నాను.

రోబో ఇసుక రాయిని పగలగొట్టి తీసినది కనుక దాని పలుకులు పదునుగా ఉంటాయి. సముద్రపు ఇసుకలోని గవ్వముక్కల సున్నం నీటి పీహెచ్‌ను పెంచుతుంది. ఈ బస్తాలోని రేణువులు మాత్రం నున్నగా, ఇంచుమించు ఒకే పరిమాణంలో, అర మిల్లీమీటరుకు అటూ ఇటూగా ఉన్నాయి. చెంచాడు ఇసుక మీద వెనిగర్ పోసి చూశాను, బుడగలు రాలేదు, అంటే ఇందులో సున్నం లేదు. నాలుగు సెంటీమీటర్ల మందానికి సుమారు 11 కిలోలు సరిపోయాయి. చిన్న బస్తాలు అమ్మకపోవడం వల్ల సగానికి పైగా మిగిలిపోయింది.

అసలు లోపం దుమ్ము. బస్తా మీద కడిగిన ఇసుక అని ముద్రించి ఉన్నా, మొదటి బకెట్టు నీళ్లు మజ్జిగలా తెల్లబడ్డాయి. రెండేసి కిలోల చొప్పున, నీళ్లు తేటపడేదాకా ఒక్కో విడతనూ పది పన్నెండు సార్లు కడగవలసి వచ్చింది. సిలికా దుమ్ము ఊపిరితిత్తులకు హాని చేస్తుంది కనుక ముక్కుకు మాస్కు కట్టుకొని, ఇసుకను ముందుగా తడిపి, ఆ తరువాతే చేయి పెట్టాలి. ఈ హెచ్చరిక బస్తా మీద లేకపోవడం నాకు చాలా బాధ కలిగించింది.

ఇసుక వేసే రోజున చేపలను పాత నీటితోనే పెద్ద టబ్బులోకి మార్చి, ఫిల్టర్‌ను కూడా అందులోనే నడిపించాను. దీనివల్ల చేపల వ్యర్థాల నుంచి వచ్చే అమ్మోనియాను హరించే, ఫిల్టర్‌లోని మేలు చేసే బ్యాక్టీరియా బతికి ఉంటుంది, ఇసుక రేణువులు మోటారులో చేరి, నీటిని తోసే చక్రాన్ని (ఇంపెల్లర్‌ను) అరగదీసే ప్రమాదమూ తప్పుతుంది. తొట్టిలో మూడో వంతు నీళ్లుంచి, తడి ఇసుకను గ్లాసుతో అడుగుదాకా దించి మెల్లగా ఒంపాను. గులకను పట్టుకొని ఉన్న బ్యాక్టీరియా ఒక్కసారిగా పోకుండా, రెండు గుప్పెళ్ల పాత రాళ్లను వల సంచిలో కట్టి నెల రోజులు తొట్టిలోనే ఉంచాను. మొదటి వారమంతా రోజూ అమ్మోనియా పరీక్ష చేశాను.

ఇసుకను నాలుగు సెంటీమీటర్ల కంటే మందంగా పరిస్తే అడుగు పొరలకు గాలి అందక ఇసుక నల్లబడి కుళ్లిన గుడ్ల వాసన వేస్తుంది; అందుకే వారానికోసారి పుల్లతో మెల్లగా కదుపుతున్నాను. ఈ ఇసుకలో పోషకాలేవీ ఉండవు కనుక, మొక్కలు పెంచేవారు వేళ్ల దగ్గర ఎరువు బిళ్లలు గుచ్చవలసి ఉంటుంది. కడగడానికి ఒక పూట కేటాయించగలవారికి దీన్ని నిస్సంకోచంగా సూచిస్తాను. మా చేపలు మొదటి సాయంత్రమే కళ్లదాకా ఇసుకలో ముఖం దూర్చి మేత వెతుక్కోవడం మొదలుపెట్టాయి.